ఆడించిన చేయి
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసము)



మన గ్రంథాలయమున పిల్లల బీరువాలో అమెరికా దేశపు బొమ్మలాటను గూర్చిన చిత్రపుస్తకమొకటి కలదు. ఆ దేశమున ఉద్యోగము చేయుచున్న మన ఊరి యువకుడొకడు సెలవులకు వచ్చినపుడు దానిని బహూకరించెను. అట్టమీద ఆకుపచ్చని కప్పబొమ్మ. ఒకనాడొక బాలిక దానిని నాకు చూపి, "తాతగారూ, ఈ కప్పను ఆడించినాయన ఇప్పుడున్నాడా?" అని అడిగినది. "లేడమ్మా, 1990లోనే పోయినాడు" అంటిని. "మరి నిన్న మా మామయ్య ఫోనులో ఈ కప్ప మాట్లాడినదే!" అన్నది. ఆ పిల్లకు నేనానాడు సరియైన బదులు చెప్పలేకపోతిని. నేడు ఈ సభలో చెప్పుటకు యత్నింతును.

ఆ కప్ప పేరు కెర్మిట్. దానిని సృష్టించినవాడు జిమ్ హెన్సన్. అతడు 1936లో మిసిసిపీ రాష్ట్రమున జన్మించెను. 1955లో, కళాశాల విద్యార్థిగా ఉండగనే, వాషింగ్టన్ నగరపు టెలివిజనులో అయిదు నిమిషముల బొమ్మలాట ప్రారంభించెను. తల్లి విడిచిన పాత కోటు గుడ్డతో దేహము, రెండుగా కోసిన పింగ్‌పాంగ్ బంతితో కన్నులు. కెర్మిట్ పుట్టుక ఇంతే. మొదట అది కప్పయు కాదు. కప్ప యనిపించుకొనుట తరువాతి మాట.

ఆడించు విధానము వినదగినది. కొయ్య ముఖము ఎప్పుడును ఒక్కతీరుగనే ఉండును. హెన్సన్ మెత్తని గుడ్డతోను, ఫోముతోను ముఖములు చేసెను. లోపలి వ్రేళ్లు ముడుచుకొన్న కొలది ఆ ముఖమున కోపము, సిగ్గు, దిగులు కనవచ్చును. ఆడించువాడు చేయి తలపైకెత్తి, కుడిచేత బొమ్మ నోటిని, ఎడమచేత సన్నని కడ్డీతో దాని చేతిని కదుపుచు, ఎదుట ఉంచిన చిన్న తెరపై తన బొమ్మను తానే ప్రేక్షకునివలె చూచుకొనును.

1969 నవంబరు 10న ఆరంభమైన 'సెసమీ స్ట్రీట్' అను కార్యక్రమమున ఈ బొమ్మలు పిల్లలకు అక్షరములు, అంకెలు నేర్పినవి. దానికి మన దేశపు రూపము 2006లో హిందీలో 'గల్లీ గల్లీ సిమ్ సిమ్' అను పేర వచ్చినది. ఇక 'మప్పెట్ షో' 1976 మొదలు 1981 వరకు 120 భాగములుగా ఇంగ్లండులో తయారై, వందకు పైగా దేశములలో ప్రదర్శింపబడినది.

1990 మే 16న హెన్సన్ న్యూయార్కు నగరమున తీవ్రమైన జబ్బుతో హఠాత్తుగా మరణించెను. అప్పటికాతని వయస్సు 53 సంవత్సరములు. తన సంస్మరణకు ఎవ్వరును నల్లని దుస్తులు ధరించి రావలదని ముందే వ్రాసి ఉంచెను. మే 21న ఆ నగరపు పెద్ద చర్చిలో సభ జరిగినది. వచ్చినవారి చేతులలో కడ్డీలపై రంగురంగుల సీతాకోకచిలుకలు ఆడినవి. చివర ఆతని సహచరులలో ఒకరు పాట నెత్తుకొనగా, ఒక్కొక్కరుగా తక్కినవారు తమ బొమ్మలను చేత ధరించి గొంతు కలిపిరి. దుఃఖించుచున్న మనుష్యుల చేతులమీద బొమ్మలు పాడినవి.

కెర్మిట్ సంగతి? హెన్సన్ వద్ద పనిచేసిన స్టీవ్ విట్‌మయర్ అను వానికి ఆ కప్ప అప్పగింపబడినది. ఆతని తరువాత 2017లో మాట్ వోగెల్ అనునాతడు అందుకొనెను. చిన్ననాట హెన్సన్ కంఠమును విన్నవారు, "ఇది మా కెర్మిట్ గొంతు కాదు" అని నేటికిని నిట్టూర్తురు. వారి చెవి అబద్ధమాడదు. కాని మన బాలికకు ఆ కప్ప కప్పయే. కోటు గుడ్డతో కుట్టిన తొలి కెర్మిట్ 2010లో వాషింగ్టనులోని జాతీయ ప్రదర్శనశాలకు చేరినది. అద్దములోని ఆ బొమ్మ మాట్లాడదు. శిష్యుని చేతిలోనిది మాట్లాడుచున్నది. అమ్మాయీ, నీవడిగిన దానికి ఇదియే నా బదులు.

ఇప్పుడు నా తప్పు నొకదానిని చెప్పుకొనవలెను. మన ఊరికి ఒకప్పుడు తోలుబొమ్మలాట వచ్చెడిది. తెల్లని తెర వెనుక దీపము, కాలిక్రింద చెక్క చప్పుడు, రంగనాథ రామాయణపు ద్విపదలు, నడుమ కేతిగాడు, బంగారక్కల హాస్యము! పెద్దలకు జ్ఞాపకముండును. ఆ మేళపు వృద్ధుడు, ఇరువది యేండ్ల నన్ను పిలిచి, "అబ్బాయీ, చదువుకొన్నవాడవు. నా పాటలు వ్రాసిపెట్టు. మా వాడు నేర్చుకొనుట లేదు" అని కోరెను. కోతలైన పిదప వ్రాసెదనంటిని. మరుసటి యేడు మేళము రాలేదు. ఆతడు పోయినాడని వింటిని. తరువాత ఈ గ్రామమున ప్రతి సర్వే నంబరును, ప్రతి సెంటు భూమిని లెక్క వ్రాసితిని. ఆ వృద్ధుని పాట ఒక్క చరణము వ్రాయలేదు. ఏ చిట్టాలోను కనబడని బాకీ అది.

అనంతపురపు సీమలో నిమ్మలకుంట కళాకారులు ఈ విద్యను నిలుపుకొనిరి. వారిలో దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ పురస్కారము లభించినది. అచ్చట తండ్రి చేతినుండి కొడుకు చేతికి బొమ్మ అందినది. మనయూర అందలేదు. భేదమంతయు అందే కలదు.

మిత్రులారా, ఈ గ్రంథాలయమునకు తొలి పుస్తకములను నెత్తిన మోసి తెచ్చిన పెద్దలలో కొందరు నేడు లేరు. వారి పటములకు దండలు వేసితిమి, వేయవలసినదే. రేపు ఉదయము తలుపు తీయుటకును ఒక చేయి కావలెను గదా! అందుచేత నాదొక మనవి. ప్రతి ఆదివారము సాయంత్రము ఒక గంట ఇచ్చట కూర్చుందును. తోలుబొమ్మలాటలోని పాటగాని, మాటగాని జ్ఞాపకమున్న వృద్ధులు వచ్చి చెప్పుడు, నేను వ్రాసికొందును. పిల్లలు వచ్చి వినుడు. ఆ పిల్లలలో ఒక్కరు తెర కట్టి దీపము వెలిగించినను, నా బాకీ కొంత తీరినట్లే. కొత్త నోటుపుస్తకము తెచ్చితిని. మొదటి పుట ఇంకను ఖాళీగా ఉన్నది.