పుట్టిన ప్రతి బిడ్డయు లెక్కకు రావలెను
(కర్నూలు, కడప ప్రాంతముల గ్రామ పంచాయతీ సభ్యుల నుద్దేశించి చేసిన ప్రసంగ పాఠము)

 

మన రాయలసీమలో వానకు లెక్క యున్నది. ఏ మండలములో ఏ దినమున ఎన్ని మిల్లీమీటర్లు కురిసినదో వ్రాసి యుంచుదురు. ఆ లెక్కను బట్టియే కరవు మండలములను నిర్ణయింతురు. బీమా చేసిన ఎద్దు చనిపోయినచో పశువైద్యుడు వచ్చి చూచి పత్రము వ్రాయును. కాని ప్రాణము లేకుండ పుట్టిన బిడ్డను అనేక పల్లెలలో తెల్లవారకమునుపే పూడ్చివేయుదురు. ఆ బిడ్డకు పంచాయతీ పుస్తకములో ఒక్క పంక్తియైనను దక్కదు. తల్లి దుఃఖము తల్లిలోనే అణగిపోవును. నేడు మీతో మనవి చేయదలచినది ఈ లెక్కను గూర్చియే.

భారత ప్రభుత్వము 2014 సెప్టెంబరులో నవజాత శిశు కార్యాచరణ ప్రణాళికను ప్రకటించినది. పుట్టిన 28 దినములలోపల చనిపోవు శిశువుల సంఖ్యను, చనిపోయి పుట్టు శిశువుల సంఖ్యను 2030 నాటికి వేయింటికి పదికి లోపుగా తగ్గించుట దాని లక్ష్యము. 2012లో మన దేశమున సజీవముగా పుట్టిన ప్రతి వేయిమందిలో 29 మంది నెల తిరుగకమునుపే కన్ను మూసిరి. 2020 నాటికి ఆ సంఖ్య 20కి దిగినది. 2019-21 నాటి కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్ సంఖ్యయు సుమారు 20గానే తేలినది. ఇది ప్రగతియే; కాని గమ్యము ఇంకను దూరముననే యున్నది.

ఇక చనిపోయి పుట్టిన శిశువుల లెక్కను చూడుడు. 2020 నాటి ప్రభుత్వ నమూనా నమోదు లెక్కలో వేయింటికి 3 అని వచ్చినది. 2019వ సంవత్సరమునకు ఐక్యరాజ్యసమితి సంస్థలు కట్టిన అంచనా దాదాపు 14. దేశము ఒక్కటే, కాలమును ఇంచుమించుగా ఒక్కటే. సంఖ్యలు మాత్రము నాలుగు రెట్లకు పైగా వేరు. మొదటి సంఖ్యను నమ్మి కూర్చున్నచో లక్ష్యము ఏనాడో నెరవేరినదని సంతోషింపవలసి వచ్చును! నమోదు కాని బిడ్డలెందరో ఆ రెండు సంఖ్యల నడుమ దాగియున్నారు.

1969 నాటి జనన మరణముల నమోదు చట్టము ఈ విషయమున స్పష్టముగా నున్నది. గర్భము 28 వారములు నిండిన పిమ్మట ప్రాణము లేక పుట్టిన బిడ్డను మృత శిశు జననముగా 21 దినములలోపల నమోదు చేయింపవలెను. పుట్టి, ఒక్క మారు ఊపిరి తీసి చనిపోయిన బిడ్డకు రెండు నమోదులు కావలెను: ఒకటి జననము, రెండవది మరణము. గ్రామమున ఆ పుస్తకము మీ పంచాయతీ కార్యదర్శి చేతిలోనే యున్నది.

"పోయిన బిడ్డను వ్రాసినంత మాత్రమున తిరిగి వచ్చునా?" అని మీరడుగవచ్చును. రాదు. కాని రాబోవు బిడ్డ బ్రతుకవచ్చును. ఒక పంచాయతీలో ఏడాదికి మూడు కాన్పులు ఇట్లు నిష్ఫలమైనవనుకొందము. మూడు ఇండ్లవారును "మా తలరాత" అని ఊరకున్నచో అది మూడు దుఃఖములు మాత్రమే. ఆ మూడింటిని ఒకచోట వ్రాసి కారణమడిగినచో, ముగ్గురు తల్లులకును రక్తము తక్కువగా నుండెనని తేలవచ్చును. లేదా ముగ్గురును ఒకే మజరానుండి బండి దొరకక ఆలస్యముగా ఆసుపత్రికి చేరిరని తేలవచ్చును. అపుడది తలరాత కాదు. మీరు దిద్దదగిన పని. విచారణ ఎవరినో నిందించుటకు కాదని ఆ ఇంటివారికి ముందుగా చెప్పవలెను. తల్లిపై నింద పడునని భయపడినచోట నిజము బయటికి రాదు.

లోకమంతట చనిపోయి పుట్టు బిడ్డలలో నూటికి 40 మందికి పైగా పురిటినొప్పులు మొదలైన తరువాతనే ప్రాణము కోల్పోవుచున్నారు. అనగా నొప్పుల ఆరంభమున వారు సజీవులే. ఇట్టి ఆపద మూడు ఆలస్యముల వలన కలుగును: ఆసుపత్రికి పోవలెనని నిశ్చయించుటలో ఆలస్యము, దారిలో ఆలస్యము, చేరిన పిమ్మట చికిత్సలో ఆలస్యము. మూడవది వైద్యశాఖ బాధ్యత. మొదటి రెండును మీ ఊరివే. నల్లమల, వెలికొండల అంచులనున్న పల్లెలలో వానకు తెగిన బాటను బాగుచేయించుట, 108 వాహనము ఎంతవరకు రాగలదో ముందే చూచియుంచుట, అది రాలేనిచోటికి ఒక బండిని సిద్ధపరచుట ఏ వైద్యుడును చేయగల పనులు కావు.

కర్నూలు పడమటి మండలములవారికి మరియొక మాట. కోసిగి, కౌతాళం, మంత్రాలయం, పెద్దకడుబూరు ప్రాంతములనుండి కుటుంబములు ఏటేట సుగ్గికని గుంటూరు సీమకు మిరపకాయలు కోయుటకు తరలిపోవును. గర్భిణులును వెంట పోవుదురు. ఇచ్చటి నర్సమ్మ పుస్తకములో వారి పేరుండును, మనిషి యుండదు. అచ్చట మనిషి యుండును, పేరుండదు. కావున బండి కదలకమునుపే గర్భిణుల పట్టికను తయారుచేయుడు. తల్లీబిడ్డల సంరక్షణ కార్డును, ఇనుము మాత్రలను వెంట ఇప్పించుడు. పోవు ఊరిపేరు తెలిసికొని, అచ్చటి ఆరోగ్య కార్యకర్తకు కబురు చేయించుడు. నెలలు నిండినవారిని ఊరిలోనే యుంచి, తోడుగా ఒకరు నిలుచునట్లు ఇంటి పెద్దలకు నచ్చజెప్పుడు.

గర్భిణికి కనీసము నాలుగు పరీక్షలు జరుగవలెను. రక్తపు పోటు, రక్తహీనత, మూత్రము పరీక్షింపక విడువరాదు. ప్రతి నెల 9వ తేదీన ప్రభుత్వ వైద్యశాలలలో గర్భిణులకు ఉచిత పరీక్ష జరుపు పద్ధతి 2016లో ఆరంభమైనది. ఆ దినమున కూలిపని మానుకొనిపోవుటకు ఇంటివారు అడ్డుపడకుండ చూచుట మీ వంతు.

బిడ్డ పుట్టిన గంటలోపల ముర్రుపాలు పట్టవలెను. వానిని పిండి పారబోయుట బిడ్డకు తొలి రక్షణను దూరము చేయుటయే. ఆముదము, తేనె, చక్కెర నీరు పోయరాదు. బొడ్డుకు బూడిద, పసుపు పూయక పొడిగా నుంచవలెను. పుట్టిన దినముననే స్నానము చేయింపరాదు. తక్కువ బరువున్న బిడ్డను తల్లి రొమ్ముకు ఆనించి వెచ్చగా నుంచవలెను. పాలు త్రాగకున్నను, ఒళ్లు చల్లబడినను, ఎగ ఊపిరి వచ్చినను తెల్లవారువరకు ఆగరాదు. కర్నూలు, కడప సర్వజన ఆసుపత్రులలో నవజాత శిశువులకు ప్రత్యేక చికిత్సా విభాగములు కలవు. ఆసుపత్రిలో కాన్పైన బిడ్డను చూచుటకు ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42వ దినములలో ఇంటికి రావలెను. ఆమె వచ్చినదా లేదా యని అడుగు అధికారము మీకున్నది.

73వ రాజ్యాంగ సవరణ పంచాయతీలకు అప్పగింపదగిన విషయములలో ఆరోగ్యమును, స్త్రీ శిశు సంక్షేమమును చేర్చినది. కావున నెలకొకసారి మీ సమావేశమున మూడు ప్రశ్నలు వేయుడు: ఈ నెల మన ఊరిలో ఎందరు పుట్టిరి? ఎందరు దక్కిరి? దక్కనివారు ఏల దక్కలేదు? జవాబును పుస్తకమున వ్రాయించి, పై అధికారులకు పంపుడు. ఢిల్లీలో వ్రాసిన ప్రణాళిక మీ ఊరికి చేరు బాట ఆ మూడు ప్రశ్నలే. వచ్చు సమావేశముననే వానిని అడుగ నారంభింతురని ఆశించుచు సెలవు తీసికొనుచున్నాను.