రెండు మాటలు - ఒకే అర్థం
(అర్దియాలోని తెలుగు తరగతిలో చేసిన ప్రసంగం)



ఇంగ్లీషులో 'లుక్' అంటే చూడు. 'ఆఫ్టర్' అంటే తరువాత. ఈ రెండు మాటలూ మీలో చిన్నవారికి కూడా తెలుసు. మరి 'లుక్ ఆఫ్టర్' అంటే ఏమిటి? 'తరువాత చూడు' అని చెప్పబోతున్నారా? ఆగండి.

ఒక సంగతి ఊహించుకొందాం. రాయచోటి ప్రాంతం నుండి వచ్చిన ఒక అక్క, ఈ అర్దియాలోనే ఒక ఇంట కొత్తగా పనికి కుదిరింది. యజమానురాలు బయటికి వెళుతూ, పాకే పసివాణ్ణి చూపించి 'లుక్ ఆఫ్టర్ ది బేబీ' అన్నది. 'పిల్లవాణ్ణి తరువాత చూడవచ్చునట' అనుకొని అక్క గిన్నెలు తోమసాగింది. వంటింట్లో పొయ్యి వెలుగుతున్నది. పసివాడు అటే పాకుతున్నాడు. తలచుకొంటేనే గుండె ఝల్లుమంటుంది గదా! ఆ అక్క సోమరి కాదు. రెండు మాటలకూ విడివిడిగా అర్థం తెలియడమే ఆమెను మోసగించింది.

'లుక్ ఆఫ్టర్' అంటే చూచుకొను, కనిపెట్టి ఉండు, సంరక్షించు. తరువాత కాదు, ఇప్పుడే, విడువకుండా.

ఇది ఇంగ్లీషువారి వింత అనుకోకండి. తెలుగులో 'పడు' వేరు, 'పడుకొను' వేరు. 'చేయి చేసుకొన్నాడు' అంటే కొట్టాడని అర్థం. మీరిక్కడ వినే అరబ్బీలోనూ అంతే. 'దీర్ బాలక్' అన్నప్పుడు అందులో బాలకుడెవడూ లేడు! 'నీ మనస్సును ఇటు త్రిప్పు' అని మాటలకు అర్థం. 'జాగ్రత్త' అని భావం.

వాడుకలో ఒక తేడా గమనించండి. 'చూచుకొన్నాను' అనేటప్పుడు తెలుగులో చివరి భాగం మారుతుంది. ఇంగ్లీషులో మొదటిది మారి 'లుక్డ్ ఆఫ్టర్' అవుతుంది, 'ఆఫ్టర్' మారదు. దానికి బదులు 'ఫర్' పెట్టారో, అర్థమే మారిపోతుంది. 'లుక్ ఆఫ్టర్ ది కీస్' అంటే తాళంచెవులు భద్రంగా చూచుకో. 'లుక్ ఫర్ ది కీస్' అంటే తాళంచెవులు వెదుకు.

మీరు బడిలో ఇంగ్లీషు చదువుతున్నారు. రాయలసీమ నుండి, గోదావరి జిల్లాల నుండి వచ్చి ఇక్కడి ఇళ్ళలో పనిచేసే తల్లులకు, అక్కలకు చాలామందికి ఆ అవకాశం దొరకలేదు. మీరెరిగినవారు ఉంటే, వచ్చే శుక్రవారం సెలవునాడు వారికి ఈ మాటను తెలుగులో విడమరచి చెప్పండి. అర్థం కాని మాటకు తల ఊపవద్దని, 'ఇప్పుడా, తరువాతా?' అని అడగడం తప్పు కాదని కూడా చెప్పండి. నేర్చిన మాట మరొకరికి అక్కరకు వచ్చినప్పుడే మన చదువు సార్థకం.