ద్వారం వద్ద ధర్మం



శ్రీమద్భాగవతం తృతీయ స్కంధంలోని జయవిజయుల కథ మీరెరిగినదే. బ్రహ్మ మానసపుత్రులైన సనకాది మునులు నలుగురు శ్రీహరి దర్శనార్థం వైకుంఠానికి వచ్చారు. ఆరు ద్వారాలు నిరాటంకంగా దాటారు. ఏడవ ద్వారం వద్ద జయవిజయులు బెత్తములు అడ్డుపెట్టి ఆపివేశారు. వచ్చినవారు వయస్సులో మహావృద్ధులే అయినా, చూపునకు అయిదేండ్ల పసివారు, దిగంబరులు. ద్వారపాలకులు ఆకారాన్ని చూశారేగాని అంతరంగాన్ని చూడలేదు. మూడు జన్మల పాటు స్వామికి దూరమయ్యారు.

ఈ కథలో మనం అంతగా గమనించని ఘట్టం మరొకటి ఉన్నది. శ్రీహరి లక్ష్మీసమేతుడై కాలినడకన ద్వారం వద్దకు వచ్చాడు. తప్పును సేవకులపైకి నెట్టివేయలేదు. వారి అపరాధం తనదేనని ఒప్పుకొన్నాడు. సేవకుడు తప్పు చేస్తే లోకం యజమాని పేరే చెప్పుకొంటుందని, ఆ నింద చర్మాన్ని తినివేసే వ్యాధి వలె కీర్తిని హరిస్తుందని పలికాడు.

దుకాణం నడిపే ప్రతి ఒక్కరూ మనస్సున నిలుపుకోవలసిన మాట ఇది. వెలిసిన చీర కట్టుకొన్న తల్లి కూతురి పెండ్లికి పట్టుచీర కొనడానికి వస్తుంది. మడత విప్పకముందే ‘అది చాలా ఖరీదమ్మా’ అన్న మాట ఎదురవుతుంది. వెనుక కారు దిగినవారికి మాత్రం కుర్చీ, మంచినీళ్లు, చిరునవ్వు! ఆ తల్లి ఎవరితోనూ తగవుపడదు. మౌనంగా మెట్లు దిగిపోతుంది.

2022 జనవరిలో కర్ణాటకలోని తుమకూరులో ఒక రైతు వాహనం కొనడానికి షోరూముకు వెళ్లగా, అక్కడి విక్రేత ఆయన వేషం చూసి పది రూపాయలైనా ఉండవని ఎగతాళి చేశాడని పత్రికలు వ్రాశాయి. ఆయన కొద్దిసేపట్లోనే 10 లక్షల రూపాయలు తెప్పించాడట. విన్నవారందరూ సంతోషించారు. కాని ఒక్క క్షణం ఆలోచించండి. ఆయన వద్ద నిజంగా పది రూపాయలే ఉంటే ఆ అవమానం న్యాయమయ్యేదా? ధనం చూపిన తరువాత లభించే గౌరవం ధనానికే గాని మనిషికి కాదు.

కుచేలుని చూడగానే శ్రీకృష్ణుడు పాన్పు దిగి ఎదురేగాడు. కౌగిలించుకొని, కూర్చుండబెట్టి, పాదాలు కడిగాడు. ఏమి తెచ్చావని అడిగింది ఆ తరువాతనే. ముందు ఆదరణ, తరువాత బేరం. వ్యాపారధర్మం ఇంతే.

అట్లని విక్రేతలను మాత్రమే నిందించరాదు. వారిలో అనేకులు పేదయిండ్ల బిడ్డలే. ఉదయం నుండి రాత్రి వరకు నిలబడే ఉంటారు. వారికి కూర్చునే వసతి కల్పించాలని కేరళలో 2018లో, తమిళనాడులో 2021లో చట్టాలను సవరించవలసి వచ్చింది! తాను ఆదరణ ఎరుగని ఉద్యోగి ఇతరులను ఎట్లా ఆదరిస్తాడు? ‘కొనేవారిని చూసి చూపించు’ అని నేర్పేది సాధారణంగా యజమానియే. కనుక దిద్దుబాటు కూడా గల్లాపెట్టె వద్దనే మొదలు కావాలి. వచ్చినవారిని నమస్కరించి పిలవండి. అడిగిన వస్తువు చూపండి. కొనక వెళ్లినా మళ్లీ రమ్మని చెప్పండి. దీనికి ఖర్చు లేదు.

చివరగా ఒక మాట. దేవాలయంలో క్యూ వద్ద నిలిచే సేవకులమైన మనకూ ఇదే పరీక్ష. పట్టుపంచెకు దారి ఇచ్చి, మాసిన తువ్వాలును వెనుకకు నెట్టిననాడు మనమూ ఏడవ ద్వారం వద్దనే నిలిచి ఉన్నాము. ఎదుట ఉన్నది ఎవరో మనకు తెలియదు. లోపల ఉన్న స్వామికి తెలుసు.

స్వస్తి.