జబ్బు పేరు ఎవరికి చెప్పాలి?

(ఉద్యోగులు, కార్మిక కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగిరీ చేసిన కాలంలో మా చేతుల మీదుగా వెళ్లిన వైద్య ఖర్చుల బిల్లులకు లెక్క లేదు. వాటిలో ఒక్క ఫైలు గురించి చెప్పి అసలు విషయానికి వస్తాము.

ఒక సహోద్యోగి మానసిక వ్యాధికి కొన్ని వారాలు ఆసుపత్రిలో ఉండి చికిత్స పొందారు. తిరిగి వచ్చాక రీయింబర్స్‌మెంట్ కోసం డిశ్చార్జి సమ్మరీ, ఎసెన్షియాలిటీ సర్టిఫికేట్, మందుల బిల్లులు జతచేసి ఇచ్చారు. నిబంధన ప్రకారం ఇవ్వవలసినవే. ఆ ఫైలు టపా రిజిస్టరులో నమోదై, అటెండరు చంకనెక్కి, సెక్షను నుంచి సూపరింటెండెంటు దాకా బల్ల బల్లకూ తిరిగింది. ఒక మధ్యాహ్నం భోజన వేళ అది మా బల్లపై తెరిచి ఉంది. తెరిచి ఉంచి వెళ్లినది మేమే. వారం తిరగకుండానే జబ్బు పేరు కార్యాలయమంతా పాకింది. నెలలోపు వారి వీధికీ చేరింది. పెద్దమ్మాయికి దాదాపు కుదిరిన సంబంధం వెనక్కి పోయింది. ఆయన ఎవరినీ ఒక్క మాట అనలేదు. బిల్లు మాత్రం మంజూరైంది. మంజూరు చేయవచ్చునని నోట్ వ్రాసింది కూడా మేమే.

చట్టం ఏమంటోంది? వైద్యుల వృత్తి ప్రవర్తనపై 2002లో వచ్చిన నిబంధనల ప్రకారం, చికిత్సలో తెలిసిన రోగి రహస్యాలను వైద్యుడు బయటపెట్టరాదు. మినహాయింపులు మూడే: న్యాయస్థానం ఆదేశించినప్పుడు, ఫలానా వ్యక్తికో సమాజానికో తీవ్ర ప్రమాదం ఉన్నప్పుడు, ప్రభుత్వానికి తెలియపరచవలసిన వ్యాధి అయినప్పుడు. ఈ మూడింటిలో యజమాని ఎక్కడా లేడు. 2017లో తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యతను ప్రాథమిక హక్కుగా ప్రకటించింది. అదే ఏడాది వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 23వ సెక్షనులో రోగి గోప్యతకు రక్షణ కల్పించింది. హెచ్‌ఐవి చట్టమూ ఆ ఏటిదే. ఉద్యోగం ఇవ్వడానికి హెచ్‌ఐవి పరీక్షను షరతుగా పెట్టడాన్ని అది నిషేధించింది.

క్షయ దగ్గర చాలామంది పొరబడతారు. 2012 నుంచి క్షయ రోగి వివరాలను వైద్యులు తప్పనిసరిగా ప్రభుత్వ ఆరోగ్య శాఖకు తెలియజేయాలి. ఆరోగ్య శాఖకు తెలియజేయడం వేరు, ఫ్యాక్టరీ మేనేజరుకు తెలియజేయడం వేరు. మా పేట యువకుడొకడు క్షయకు మందులు వాడుతూ సెలవు పెట్టాడు. రిపోర్టులన్నీ తెమ్మన్నారు, తీసుకెళ్లి ఇచ్చాడు. సూపర్‌వైజరు ఆ కాగితాలను ఫోనులో ఫొటో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. సెలవు మంజూరు చేయడానికేనట! ఇక అంటువ్యాధి భయం లేదని వైద్యుడు వ్రాసి ఇచ్చినా, పనికి వెళితే ‘చూద్దాం’ అన్నారు. మేము ఇద్దరు ముగ్గురం వెంట వెళ్లి మాట్లాడాము. పనిలోకి తీసుకున్నారు. భోజనాల గదిలో మాత్రం అతడి బెంచీపై ఇప్పటికీ రెండోవాడు కూర్చోడు.

యజమానికి నిజంగా కావలసినది ఎంత? ఎన్ని రోజులు సెలవు అవసరం, తిరిగి పనికి తగినవాడా కాదా, బరువులు ఎత్తడం, రాత్రి షిఫ్టు వంటివి మానాలా. సాధారణంగా వైద్యుని ఫిట్‌నెస్ సర్టిఫికేట్‌లో ఇంతవరకు ఉంటే చాలు. జబ్బు పేరు వ్రాయవద్దని వైద్యుణ్ణి అడగడానికి మనం జంకుతాము. అడగండి. గ్రూపు ఇన్సూరెన్స్ ఉంటే, క్లెయిము కాగితాలు ఆఫీసు చేతికి ఇవ్వకుండా బీమా సంస్థకు నేరుగా పంపే వీలుందేమో కనుక్కోండి. ఆఫీసుకే ఇవ్వక తప్పకపోతే సీలు వేసిన కవరులో, పైన ‘గోప్యం’ అని వ్రాసి ఇచ్చి రసీదు తీసుకోండి. ఖాళీగా ఉన్న సమ్మతి పత్రంపై సంతకం చేయవద్దు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం ఉద్యోగ అవసరాల పేరుతో యజమానులకు కొంత వెసులుబాటు ఇచ్చింది. అది మాకు నచ్చలేదు, ఆ మాట ఇక్కడే చెబుతున్నాము. అయినా వెసులుబాటు అంటే వాట్సాప్‌లో పెట్టుకొమ్మని కాదు.

ఇంకొక వైపూ ఉంది. గోప్యత పేరు చెప్పి కార్మికుని రికార్డును కార్మికునికే చూపని యాజమాన్యాలున్నాయి. రసాయనాల మధ్య పనిచేసేవారి ఆరోగ్య రికార్డులను నిర్వహించి, వాటిని కార్మికులకు అందుబాటులో ఉంచాలని ఫ్యాక్టరీల చట్టంలో 1987లోనే చేర్చారు. ఆసుపత్రి రికార్డులు కూడా అంతే. రోగి అడిగితే 72 గంటల్లో ఇవ్వాలని ఆ 2002 నిబంధనలే చెబుతున్నాయి. అడిగిన తేదీ, సమయం దరఖాస్తుపై వేయించుకోండి. పాత గుమాస్తా మాటగా చెబుతున్నాము, తేదీ లేని దరఖాస్తుకు విలువ లేదు.

నమూనా దరఖాస్తులు తెలుగులోనూ ఉర్దూలోనూ టైపు చేయించి గుమ్మం దగ్గర బల్లపై పెట్టాము. రసాయన కర్మాగారాలలో పనిచేసేవారు ఇళ్లలో ఉన్న అక్కచెల్లెళ్లు రెండేసి ప్రతులు తీసుకువెళ్లండి. నింపడంలో సందేహం ఉంటే ఆదివారం ఉదయం పది గంటలకు మేము ఇక్కడే ఉంటాము. మీ కాగితాలు మడిచి మీ సంచిలోనే ఉంచుకుని రండి, మేము అడిగినప్పుడే తీయండి.