వకీలు ఇచ్చిన వేళ



వకీలుతో తొలి సంప్రదింపునకు వేళ కోరి, చెప్పకయే మానుకొను అలవాటు మనలో ప్రబలుచున్నది. తాతలనాటి తెలుగు దస్తావేజును తమిళమున వివరించుటకు మనవారినొకరిని పిలిపించుకొని ఆయన వేచియుండును. ఆ గంట వ్యర్థమగును. అదే వేళ కోరిన మరియొకరికి దక్కకపోవును.

నష్టము ఆయనకే కాదు. కోరినంతనే చెల్లింపవలసిన ప్రామిసరీ నోటుపై దావా వేయుటకు 1963 నాటి కాలపరిమితి చట్టము నోటు తేదీ నుండి 3 సంవత్సరములే గడువిచ్చినది. నడుమ చెల్లుగాని, వ్రాతపూర్వకమైన ఒప్పుదలగాని లేక గడువు దాటినచో, బాకీ నిజమైనను దావా నిలువదు.

కావున మేము కోరు కట్టుబాటిది. ఫీజు ఎంతయో ముందే అడిగి చెల్లింపుడు. రాలేనివారు ముందునాటికే తెలిపినచో ఆ సొమ్ము మరియొక దినమునకు చెల్లవలెను. తెలుపక మానినవారు తిరిగి అడుగరాదు. జబ్బు, చావు వంటి ఆపదలకు మినహాయింపు ఉండవలెను.

ఫీజునకు వెరచి ఎవ్వరును ఆగవలదు. 1987 నాటి న్యాయసేవల ప్రాధికారముల చట్టము 12వ సెక్షను ప్రకారము స్త్రీలు, బాలలు, షెడ్యూల్డు కులములవారు, తెగలవారు, వికలాంగులు ఆదాయముతో నిమిత్తము లేకయే ఉచిత సహాయమునకు అర్హులు. 15100 నంబరునకు ఫోను చేసి అడుగవచ్చును.

మాట తప్పినవానికి బజారులో అప్పు పుట్టదని వర్తకులమైన మేమెరుగుదుము. వేళకు వత్తుమనుటయు మాటయే. దానిని నిలుపుకొందుము గాక.