పాత వెబ్‌సైటు ఖాళీ చేస్తూ...

(మహిళా సంస్థల కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



వెబ్‌సైటు మార్పు గురించి మాట్లాడమంటే నేను ముందు ఒప్పుకోలేదు. నేను కంప్యూటర్లు చదువుకున్నదాన్ని కాదు. కేసులు, కౌన్సెలింగు, పోలీస్ స్టేషన్ల చుట్టూ తిరగడం - ఇదీ నా పని. ఒక ఫోను వల్ల ఈ వెబ్‌సైటు పని కూడా నా నెత్తిన పడింది.

2023లో ఒకామె ఫోన్ చేసింది. పదేళ్ళ కిందట ఆమె కేసులో మేం తోడున్నాం. "అక్కా, మా అమ్మాయికి సంబంధాలు చూస్తున్నాం. నా పేరు కొడితే మీ రిపోర్టే వస్తోంది. తీసేయించవా?" అంది. దానిదేముంది, రేపే తీసేస్తామన్నాను. తియ్యడానికి ఐదు వారాలు పట్టింది. మా సైటు తాళంచెవి ఎవరి దగ్గరుందో మాలో ఎవరికీ తెలియదు!

ఆ సైటుని 2012లో ఒక వలంటీరు రాత్రిళ్ళు కూర్చుని డ్రూపల్ 7 అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో చేసిపెట్టింది. తర్వాత ఉద్యోగానికి వేరే ఊరు వెళ్ళిపోయింది. పాస్‌వర్డులన్నీ ఆమె పాత ఈమెయిల్లో ఉండిపోయాయి. తప్పు ఆమెది కాదు, అడిగి రాసిపెట్టుకోని మాది. సైటు కట్టడానికి డబ్బిచ్చే దాతలు దొరుకుతారు గానీ దాన్ని చూసుకోవడానికి ఇచ్చేవాళ్ళు దొరకరు. బోరు వేయించి మోటారు రిపేరు మాట మరిచిపోయినట్టే ఇదీ.

2011లో వచ్చిన ఆ డ్రూపల్ 7కి 2025 జనవరి 5తో అధికారికంగా మద్దతు ఆగిపోయింది. అంటే ఆ రోజుతో సైటు మూతపడుతుందని కాదు. కొత్తగా లోపాలు బయటపడితే సవరణలు రావు. ఇందులో ఎంత ప్రమాదముందో 2014 అక్టోబరులోనే తేలింది. అప్పుడు ఒక పెద్ద లోపానికి సవరణ వచ్చింది. అది ప్రకటించిన ఏడు గంటల్లోగా వేసుకోని సైట్లన్నిట్లో దొంగలు పడ్డారనే అనుకోమని డ్రూపల్ భద్రతా బృందమే చెప్పింది. మేం వేసుకున్నామో లేదో చెప్పేవాళ్ళే లేరు.

సరే, మార్చాలనుకున్నాం. డబ్బిస్తే సాంకేతిక పనివాళ్ళు మార్చేస్తారు, మనకేం పని అనుకున్నాం. డ్రూపల్ 7 నుంచి తర్వాతి రకాలకి మారడమంటే పాత ఇంటికి సున్నం వేయడం కాదట. వేరే ఇల్లు కట్టి సామాను మోసుకెళ్ళడమట. పనికి వచ్చిన అమ్మాయి మొదటి రోజే అడిగింది: "ఏం సామాను ఉంది మేడమ్? అందులో ఏవి కావాలి?" మేం ముఖముఖాలు చూసుకున్నాం.

నలుగురం కూర్చుని పేజీ పేజీ తెరిచి నోటు పుస్తకంలో రాసుకున్నాం. మేం చేసిన మంచి పని ఏదన్నా ఉంటే అదే. సైటులో "మాకు రాయండి" అని ఒక ఫారం ఉంది. అందులో ఆడవాళ్ళు రాసిన ప్రతిదీ మాకు ఈమెయిల్లో రావడమే కాక సైటు లోపల కూడా నిల్వ ఉండిపోయింది. పేరు, ఫోను నంబరు, మొగుడు ఎక్కడ కొట్టాడో, ఎవరి దగ్గర తలదాచుకుందో, అన్నీ. పాస్‌వర్డు తెలిసినవాళ్ళెవరైనా చదవొచ్చు. కౌన్సెలింగు గదికి తలుపు ఉండాలని పట్టుబట్టే మేం ఇక్కడ తలుపే పెట్టలేదు. నడుస్తున్న కేసులవి కాగితం మీదకి ఎక్కించుకుని, మిగతావన్నీ చెరిపించాం. పాత కాపీల్లో కూడా చెరిపించాలని ఆ అమ్మాయి గుర్తుచేసింది. లేకపోతే అవి అలాగే ఉండేవి.

తర్వాత నిజనిర్ధారణ రిపోర్టులు. అత్యాచార బాధితురాలి గుర్తింపు బయటపెట్టడం నేరమని 1983 నుంచి చట్టంలో ఉంది. అప్పట్లో 228ఎ, ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 72. పేరు రాయకుండా మేం జాగ్రత్తపడ్డాం గానీ ఊరు, వీధి, తండ్రి చేసే పని రాశాం. ఇక పేరు రాయడానికేం దాచాల్సింది? అలాంటివి పక్కకి తీశాం. మిగతా రిపోర్టుల్లో ఉన్న ఆడవాళ్ళని వెతికి వెతికి అడుగుతున్నాం. వరకట్న కేసులో గెలిచిన ఒకామె మాత్రం "నా పేరు ఎందుకు తీస్తారు? ఉండనివ్వండి" అని కోప్పడింది. అందరి తరఫునా మనమే నిర్ణయించేస్తే ఆ మాట వినేవాళ్ళం కాదు.

మా పత్రిక పాత సంచికల తిప్పలు వేరు. అవన్నీ అను ఫాంట్లలో కంపోజ్ చేసినవి. పీడీఎఫ్‌లో కంటికి తెలుగే, కంప్యూటరుకి మాత్రం అర్థంలేని ఇంగ్లీషు అక్షరాలు. అందుకే "భరణం" అని వెతికితే ఒక్క వ్యాసమూ దొరకదు. చూపులేని స్త్రీలకి చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ కూడా అక్కడ తెల్లమొహం వేస్తుంది. యూనికోడ్‌లోకి మార్చే పరికరాలున్నాయి కానీ ఒత్తులు చెల్లాచెదురవుతాయి. మనిషి కూర్చుని దిద్దాల్సిందే. అందుకు రెండు నెలలు అనుకున్నాం, ఎనిమిది పట్టింది. మీరు లెక్క వేసేటప్పుడు ఈ పనికి జీతం విడిగా రాసుకోండి.

చట్టాల పేజీలు ఉన్నవి ఉన్నట్టు మోసుకెళ్తే ప్రమాదం. 498ఎ స్థానంలో 2024 జూలై 1 నుంచి 85, 86 సెక్షన్లు వచ్చాయి. అంతకుముందు జరిగిన హింసకి పాత సెక్షనే వర్తిస్తుంది కాబట్టి రెండూ ఉండాలి. పాత వ్యాసాలని మాత్రం ముట్టుకోలేదు, పైన తేదీ వేశాం.

సహాయం పేజీలో బొమ్మలన్నీ తీసేశాం, చవక ఫోన్లో కూడా తెరుచుకోవాలి. ఎవరైనా వస్తే చప్పున వేరే పేజీకి వెళ్ళే బటన్ పెట్టాం. అది నొక్కినంత మాత్రాన ఫోన్లో జాడ చెరగదని పక్కనే రాశాం. ఫోను చాలా ఇళ్ళలో మొగుడి చేతుల్లోనే ఉంటుంది కదా.

ఊళ్ళలో పంచిన కరపత్రాల మీద పాత చిరునామాలే ఉన్నాయి. అవి కొడితే కొత్త పేజీకే వెళ్ళేలా ఒక్కొక్కటీ కలిపించాం. పాస్‌వర్డులు ఇప్పుడు ఇద్దరి దగ్గర ఉన్నాయి, ఎవరైనా మానేస్తే ఆ రోజే మారుస్తాం. పాత సైటుని జనానికి కనబడకుండా మూసి, లోపల ఉంచాం. ఇంకా పదకొండు రిపోర్టుల్లోని ఆడవాళ్ళ ఆచూకీ దొరకలేదు. ఆ రిపోర్టులు కొత్త సైటులోకి ఎక్కలేదు.