బోను దిగిన పాలకులు

పదవి పోయిన నియంత మీద విచారణ మొదలైతే శిక్ష ఎంత పడుతుందనే అందరూ లెక్కలు వేస్తారు. విడుదలైతే ఏమిటన్న ఊహ అప్పుడు ఎవరికీ రాదు. 2005 అక్టోబరు 19న బాగ్దాద్‌లో సద్దాం హుస్సేన్ బోనెక్కినప్పుడు జరిగిందీ అదే. దుజైల్‌లో 1982లో తన మీద హత్యాయత్నం జరిగాక 148 మంది షియాలను చంపించాడన్నది ఆ కేసు. అది వీగిపోయినా ఆయన ఇంటికి వెళ్ళే దారి లేదు. కుర్దుల మీద సాగిన అన్ఫాల్ దాడుల కేసు 2006 ఆగస్టులో మొదలై నడుస్తోంది. ఖైదీ ఉన్నది అమెరికా సైన్యం కాపలాలో. 2006 నవంబరు 5న ఉరిశిక్ష పడింది, డిసెంబరు 30న అమలైంది. అన్ఫాల్ కేసు ఆయన మటుకు అక్కడే ఆగిపోయింది. బాగ్దాద్‌లో ఊహగానే మిగిలిన విడుదల మరికొన్ని చోట్ల నిజంగా జరిగింది.

వాటిలో పాతది ఫిలిప్పీన్స్‌ది. 1986 ఫిబ్రవరిలో మనీలా విడిచి పారిపోయిన నియంత ఫెర్డినాండ్ మార్కోస్ మీద, భార్య ఇమెల్డా మీద 1988 అక్టోబరులో న్యూయార్క్‌లో అభియోగాలు మోపారు. దేశం సొమ్ము దోచి అక్కడ భవనాలు కొన్నారన్నది ఆరోపణ. విచారణకు ముందే, 1989 సెప్టెంబరులో, మార్కోస్ హొనొలులులో చనిపోయాడు. 1990 జులై 2న, సరిగ్గా తన 61వ పుట్టినరోజున, ఇమెల్డా నిర్దోషిగా బయటపడింది. మరుసటి ఏడాది స్వదేశం చేరి, 1992లో అధ్యక్ష పదవికి పోటీచేసి ఓడి, 1995లో పార్లమెంటుకు గెలిచింది. సొమ్ము కథ వేరే దారి పట్టింది. స్విస్ బ్యాంకుల్లో దాచిన సుమారు 65.8 కోట్ల డాలర్లను ప్రభుత్వపరం చేయాలని ఫిలిప్పీన్స్ సుప్రీంకోర్టు 2003లో తీర్పిచ్చింది. జప్తుకు నేరం రుజువు కానక్కర్లేదు, ఆదాయానికి మించిన ఆస్తి అని తేలితే చాలు. 2018లో అక్కడి అవినీతి నిరోధక న్యాయస్థానం ఏడు అభియోగాల్లో ఆమెను దోషిగా తేల్చింది కూడా. జైలుకు మాత్రం వెళ్ళలేదు. 2022లో ఆమె కొడుకు మూడు కోట్లకు పైగా ఓట్లతో దేశాధ్యక్షుడయ్యాడు.

ఐవరీ కోస్ట్ నేత లారాన్ బాగ్బో ఓట్లతో వచ్చినవాడే. 2010 ఎన్నికల్లో ఓడిపోయినా కుర్చీ వదలలేదు. ఆ గొడవల్లో సుమారు 3,000 మంది చనిపోయారు. హేగ్‌లోని అంతర్జాతీయ నేర న్యాయస్థానంలో ప్రాసిక్యూషన్ 82 మంది సాక్షులను విచారించినా, 2019 జనవరిలో న్యాయమూర్తులు ముద్దాయి తరఫు సాక్ష్యం వినవలసిన అవసరమే కనబడలేదని వదిలేశారు. 2021లో ప్రాసిక్యూషన్ వేసిన అప్పీలూ పోయింది. ఆయన అబిజాన్ తిరిగివచ్చి, ఆ ఎన్నికల్లో తనను ఓడించి దించిన ఒవత్తారాతో చేతులు కలిపి ఫొటోలు దిగాడు, కొత్త పార్టీ పెట్టాడు. స్వదేశంలో మరో కేసులో పడ్డ శిక్షకు 2022లో క్షమాభిక్ష దొరికినా ఓటర్ల జాబితాలో పేరు చేరలేదు. 2025 అధ్యక్ష ఎన్నికల్లో పోటీ చేయలేకపోయాడు.

ఎక్కువ సంగతి ఉన్నది కైరో కేసులో కనుక, తారీఖుల వరుస తప్పినా దాన్ని చివరికి ఉంచడమైంది. 1981 నుంచి దాదాపు ముప్ఫయ్యేళ్ళు ఈజిప్టును ఏలిన హోస్నీ ముబారక్ 2011 ఫిబ్రవరి 11న గద్దె దిగాడు. పద్దెనిమిది రోజుల ఉద్యమంలో కనీసం 846 మంది మరణించారని ప్రభుత్వం వేసిన నిజనిర్ధారణ సంఘం తేల్చింది. ఈ కేసుకు ఎక్కినవి 239 మరణాలు. మార్చిలో ప్రాసిక్యూషన్ మొదట అభియోగాలు మోపింది పోలీసు శాఖ మంత్రి హబీబ్ అల్ అద్లీ, ఆయన కింది అధికారుల మీదే. ముబారక్ పేరు లేదు. జనం ఒత్తిడి పెరిగాక మే నెలలో చేర్చారు. అప్పట్లో ఎవరూ పట్టించుకోని ఈ రెండు నెలల తేడాయే తరువాత కేసు మెడకు చుట్టుకుంది.

2011 ఆగస్టు 3న విచారణ మొదలైంది. అంతకు ముందు తన పేరే పెట్టుకున్న పోలీసు అకాడమీలోనే, ఇనుప బోనులో మంచం మీద పడుకున్న ముబారక్‌ను అరబ్బు దేశాలన్నీ టీవీలో చూశాయి. కెమెరాకు కనబడనిది సాక్ష్యాల పరిస్థితి. సాక్ష్యం సేకరించవలసిన పోలీసు శాఖే ఇక్కడ ముద్దాయి. ఆ శాఖా, గూఢచారి విభాగమూ సహకరించలేదని 2012 జనవరిలో ప్రాసిక్యూటర్లే కోర్టుకు మొరపెట్టుకున్నారు. అప్పట్లో దేశాన్ని నడుపుతున్న సైనిక మండలి అధిపతి తంతావీ వాంగ్మూలం మూసిన తలుపుల వెనక నమోదైంది. 2012 జూన్ 2న ముబారక్‌కూ అద్లీకీ యావజ్జీవ శిక్ష పడింది, చంపించారని కాదు, చావులను ఆపలేదని. ఆరుగురు పోలీసు అధికారులు సాక్ష్యం చాలక బయటపడ్డారు. కింద కాల్చినవాడు లేడు, పైన ఆపనివాడు ఉన్నాడు! అలాంటి తీర్పు అప్పీలులో నిలవదని న్యాయవాదులకు ఆ రోజే అర్థమై ఉండాలి. 2013 జనవరిలో అత్యున్నత అప్పీలు కోర్టు దాన్ని కొట్టేసి పునర్విచారణకు పంపింది.

ఈలోగా ఎన్నికల్లో గెలిచిన మొహమ్మద్ మోర్సీని 2013 జులైలో సైన్యం దించేసింది. ముబారక్ హయాంలో సైనిక గూఢచారి విభాగాన్ని నడిపిన సీసీ 2014లో అధ్యక్షుడయ్యాడు. ఆ నవంబరు 29న కింది కోర్టు ముబారక్ మీద కేసు మూసేసింది. మార్చి జాబితాలో ముబారక్ పేరు లేదంటే ఆయన మీద చర్య అక్కర్లేదని ప్రాసిక్యూషన్ నిర్ణయించుకున్నట్టే. మేలో చేర్చడం చెల్లదు అన్నది దాని తర్కం. బహుమతిగా విల్లాలు పుచ్చుకున్నారన్న మరో ఆరోపణకు కాలదోషం పట్టిందని తేల్చింది. కేసు కొట్టేయడం, నిర్దోషిగా తేల్చడం వాడుకలో ఒకటిగా చలామణి అవుతాయి గాని, 2014లో జరిగింది మొదటిదే. నేరం జరిగిందా లేదా అన్న ప్రశ్న జోలికి కోర్టు వెళ్ళనే లేదు. ఆ సాయంత్రం కైరోలోని తహ్రీర్ కూడలి దగ్గర చేరిన జనాన్ని పోలీసులు బాష్పవాయువుతో చెదరగొట్టారు. 2017 మార్చి 2న అప్పీలు కోర్టు తానే విచారించి నిర్దోషి అంది. ఆ మార్చి 24న ఆయన సైనిక ఆసుపత్రి నుంచి ఇంటికి చేరాడు.

తరువాత జరిగింది పెద్ద అల్లరి లేకుండా సాగింది. అధ్యక్ష భవనాల నిధులు కాజేసిన కేసులో మూడేళ్ళ శిక్ష 2016లోనే ఖాయమైంది గనుక ఆయన పూర్తి నిర్దోషి కాడు. కాని ఆ శిక్ష అప్పటికే అనుభవించినట్టు లెక్క. 2011లో సుమారు 70 కోట్ల ఫ్రాంకులు స్తంభింపజేసిన స్విట్జర్లాండ్, 2022లో దర్యాప్తు మూసేసి, మిగిలిన సుమారు 40 కోట్లను వదిలేసింది. 2018 డిసెంబరు 26న ముబారక్ మళ్ళీ కోర్టుకు వచ్చాడు, ఈసారి సాక్షిగా, కొడుకుల ఆసరాతో నడిచి. బోనులో ఉన్నది మోర్సీ. ఆ మోర్సీ 2019 జూన్‌లో కోర్టులోనే కుప్పకూలి మరణించాడు. 2020 ఫిబ్రవరి 25న ముబారక్ మరణిస్తే, 1973 యుద్ధంలో వైమానిక దళాన్ని నడిపినవాడని సైనిక లాంఛనాలు జరిపి, దేశమంతటా మూడు రోజులు సంతాపం పాటించారు. పునర్విచారణలో అద్లీకీ ఆరుగురు అధికారులకూ దొరికిన విడుదలను అప్పీలు కోర్టు 2015 జూన్‌లోనే ఖాయం చేసింది. ఆ 239 మరణాల కేసులో శిక్ష మిగిలిన ముద్దాయి ఒక్కరూ లేరు.